నాలుగు వస్తువులు, వినబడిన ఒక్క స్వరము: ఆదికాండము 37–44 అధ్యాయముల వెలుగులో మరణశిక్ష విచారణలు

ఉపోద్ఘాతము

మరణశిక్షను గురించి మన సంఘములలో మాట వచ్చినప్పుడు సాధారణముగా రెండు వాక్యభాగములు ముందుకు వస్తాయి. మొదటిది ఆదికాండము 9:6, రెండవది రోమా 13:4. నరహత్యకు ప్రతిగా ప్రాణము తీయుటకు దేవుడు సెలవిచ్చాడా, అధికారి చేతిలోని ఖడ్గమునకు ఉరికంబము కూడ అర్థమా అని వాదము సాగుతుంది. ఈ వాదము అవసరమైనదే. అయితే దీనికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఉరితీయబడబోవు ఈ మనిషే ఆ నేరము చేశాడని మనకు ఎలా తెలిసినది? ఈ ప్రశ్న తేలకుండా పై రెండు వచనములలో ఏ ఒక్కదానినీ ఎవరి మీదా ప్రయోగించుటకు వీలులేదు.

కన్నులార చూచిన సాక్షి ఉన్నచోట ఈ ప్రశ్నకు ఒక విధమైన జవాబు ఉంటుంది. అయితే అనేక హత్యలు చూచువారు లేని చోట జరుగుతాయి. అప్పుడు కోర్టు ముందుకు వచ్చేవి రక్తపు మరకలున్న చొక్కా, ఎక్కడో దొరికిన కత్తి, చనిపోయిన వ్యక్తితో ముద్దాయిని చివరిసారి చూచామని చెప్పేవారి మాట, ప్రయోగశాల నివేదిక. వీటిలో ఏదీ హత్యను నేరుగా చూపదు. వీటన్నిటిని ఒకదానితో ఒకటి కలిపి, ఇతడే చేసి ఉంటాడని నిర్ధారణకు వస్తారు. దీనినే పరిస్థితుల సాక్ష్యము అంటారు. మన దేశములో కేవలము పరిస్థితుల సాక్ష్యము మీదనే మరణశిక్ష విధించినా చట్టము అడ్డుపడదు.

ఈ అంశముపై బైబిలు ఏమి చెబుతున్నదని అడిగితే, చాలామంది ధర్మశాస్త్రములోని ఇద్దరు ముగ్గురు సాక్షుల నియమమును చూపుతారు. దానియొద్దకు మేము తరువాత వస్తాము. మొదట యోసేపు చరిత్రను చూడగోరుతున్నాము. ఆదికాండము 37 మొదలుకొని 44 వరకు గల అధ్యాయములలో నాలుగు పర్యాయములు ఒక వస్తువు సాక్ష్యముగా ఎదుట పెట్టబడింది: యోసేపు అంగీ, యూదా ముద్రయు చేతికఱ్ఱయు, పోతీఫరు ఇంట విడువబడిన వస్త్రము, బెన్యామీను గోనెలోని వెండి గిన్నె. మూడు పర్యాయములు అబద్ధము నిలిచింది. ఒక్కసారి మాత్రమే సత్యము బయటపడింది. నాలుగు చోట్లా వస్తువు మాత్రము నిజమైనదే. మరి తేడా ఎక్కడ ఉన్నది? ఆ తేడాను గుర్తించుట, మన కాలపు మరణశిక్ష విచారణలను దానితో పోల్చి చూచుట ఈ వ్యాసము ఉద్దేశము.

1. రక్తములో ముంచిన అంగీ (ఆది. 37:31–35)

అన్నలు మేకపిల్లను చంపి, దాని రక్తములో యోసేపు అంగీని ముంచి, తండ్రికి పంపారు. ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసిన సంగతి ఏమనగా, వారు తండ్రితో అబద్ధమైన వాక్యము ఒక్కటైనా పలకలేదు. ఇది మాకు దొరికింది, నీ కుమారునిదో కాదో గుర్తుపట్టుమని మాత్రమే అడిగారు. దుష్టమృగము తిన్నదని చెప్పవలెనని వారు ముందుగా అనుకొన్న మాట నిజమే (37:20). అయితే అది చెప్పే అవసరమే వారికి రాలేదు. యాకోబే చెప్పాడు. అంగీ యోసేపుదేనని అతడు గుర్తించుట సరియైనదే. అక్కడనుండి మృగము తిన్నదనియు, యోసేపు చీల్చబడ్డాడనియు అతడు తేల్చుట అతని ఊహ.

ఈ ఊహలో ఎన్ని ఖాళీలున్నవో చూడండి. ఆ రక్తము మనిషిదేనా? అంగీ మృగము కోరలకు చినిగినదా? చినిగినట్లు వచనము చెప్పదు. ఎముకలు ఏవి? ఎక్కడ దొరికింది? తెచ్చినవారికి యోసేపుతో ఎలాంటి సంబంధము ఉన్నది? వీటిలో ఒక్క ప్రశ్నయైనా యాకోబు అడగలేదు. దుఃఖములో ఉన్న తండ్రిని మనము తప్పుపట్టలేము. కాని ఖాళీలను పూరించినది సాక్ష్యము కాదు, దుఃఖము. ఇది మనము మరచిపోకూడదు.

మన సుప్రీంకోర్టు ఇదే ప్రమాదమును 1984లో శరద్ బిర్ధీచంద్ శార్దా కేసులో విప్పి చెప్పింది. 1982లో పుణేలో ఒక వివాహిత విషము వలన మరణించింది. భర్తే చంపాడని సెషన్స్ కోర్టు మరణశిక్ష విధించింది, హైకోర్టు దానిని ఖాయము చేసింది. సుప్రీంకోర్టు అతనిని విడుదల చేసింది. పరిస్థితుల సాక్ష్యమునకు ఐదు పరీక్షలను ఆ తీర్పు నిర్దేశించింది. ఒకటి, ప్రతి పరిస్థితి పూర్తిగా రుజువు కావాలి. అయి ఉండవచ్చును అనుట చాలదు. రెండు, రుజువైన సంగతులు ముద్దాయి నేరముతో మాత్రమే పొసగాలి. మూడు, అవి నిశ్చయాత్మకమైనవిగా ఉండాలి. నాలుగు, నేరము కాక మరి ఏ వివరణకూ అవకాశము మిగలరాదు. ఐదు, సాక్ష్యపు గొలుసు ఎక్కడా తెగకుండా ఉండాలి. న్యాయవాదులు వీటిని పంచశీల సూత్రములని పిలుస్తారు. యాకోబు అంగీని ఈ ఐదింటితో పరీక్షించి చూడండి. అంగీ యోసేపుదన్న ఒక్క సంగతి తప్ప మరేదియు నిలువదు.

సమాజము కూడ ఒక్కొక్కప్పుడు యాకోబువలె దుఃఖిస్తుంది. 2019 నవంబరులో హైదరాబాదు శివారులో ఒక యువ పశువైద్యురాలు అతి క్రూరముగా చంపబడింది. డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో చనిపోయినప్పుడు జనము పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. ఆ నలుగురిపై విచారణ ఆరంభమే కాలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపవలెనన్న ఉద్దేశముతోనే వారిపై కాల్పులు జరిగాయని కమిషన్ అభిప్రాయపడింది. ఆ ఆడబిడ్డ తల్లిదండ్రుల దుఃఖము మన దుఃఖమే. అయినను ఆ నేరమును గురించిన సత్యము ఒక న్యాయస్థానములో పరీక్షింపబడే అవకాశము ఆ ఉదయముతో పోయింది.

2. పోతీఫరు ఇంట విడువబడిన వస్త్రము (ఆది. 39:11–20)

రెండవ వస్త్రము కూడ యోసేపుదే. వచనము చెప్పు తీరును పోల్చి చూస్తే ఒక చిన్న మార్పు కనబడుతుంది. జరిగిన సంగతిని చెప్పేటప్పుడు రచయిత, వస్త్రము ఆమె చేతిలో విడువబడినదని హెబ్రీలో వ్రాశాడు (39:12, 13). ఆమె ఇతరులకు చెప్పేటప్పుడు మాత్రము, అతడు తన వస్త్రమును నా ప్రక్కన విడిచెనని మార్చింది (39:15, 18). చేతిలో ఉన్నదంటే ఆమె పట్టుకొన్నదని అర్థము వస్తుంది. ప్రక్కన ఉన్నదంటే అతడే విప్పి పెట్టెనని అర్థము వస్తుంది. వస్తువు ఒక్కటే. దానిని చుట్టుకొన్న ఒక్క పదము మారింది, నేరస్థుడు మారిపోయాడు. అంతేకాదు, యజమానుడు ఇంటికి వచ్చువరకు ఆ వస్త్రము ఆరోపించినవారి యొద్దనే ఉన్నది (39:16).

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఈ కథను చూపి, లైంగికదాడికి గురైన స్త్రీల మాట నమ్మరానిదని బోధించువారు ఉన్నారు. అది వాక్యమును వంకర త్రిప్పుట. పొలములో దాడికి గురైన స్త్రీ కేకవేసినా వినువాడు లేకపోయి ఉండునని ధర్మశాస్త్రమే ఆమె పక్షమున తలంచింది (ద్వితీ. 22:25–27). ఫిర్యాదును పోతీఫరు విన్నాడు, అది సరియైనదే. రెండవ పక్షమును వినకపోవుటలో అతని తప్పు ఉన్నది. పందొమ్మిదవ వచనములో అతని కోపము, ఇరువదవ వచనములో చెరసాల. నడుమ యోసేపు పలికిన మాట ఒక్కటియు లేదు. దాసుడు, పరదేశి, వాదించువాడు లేనివాడు. అతనిని ఎవరు అడుగుతారు?

మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో 2013లో జరిగిన ఒక విచారణను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒక చిన్నారి హత్య కేసు అది. చూచిన సాక్షి లేడు. పేదవాడైన ముద్దాయికి న్యాయసహాయము క్రింద వకీలును నియమించిన దినముననే అభియోగములు ఖరారు చేశారు. ఆ వకీలు కాగితములు చదువుకొనుటకైనా, ముద్దాయితో మాటలాడుటకైనా వ్యవధి లేదు. రెండు వారములు గడవకముందే, మార్చి 4న, మరణశిక్ష పడింది. హైకోర్టు దానిని ఖాయము చేసింది. 2019 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దుచేసి, మరల విచారించుమని ఆదేశించింది. యావజ్జీవ శిక్షకు లేక మరణశిక్షకు అవకాశమున్న కేసులలో న్యాయసహాయము చేయు వకీలుకు సాధారణముగా కనీసము పది సంవత్సరముల అనుభవము ఉండాలని, సిద్ధపడుటకు కనీసము ఏడు దినములు ఇవ్వాలని చెప్పింది. 2022లో మరల మరణశిక్ష పడింది. డీఎన్ఏ నివేదిక ఇచ్చిన నిపుణుని సాక్షిగా విచారించలేదని హైకోర్టు 2023లో దానినీ త్రోసివేసింది. చివరకు 2024లో ఖండ్వా కోర్టే అతనిని నిర్దోషిగా విడుదల చేసింది. పదకొండేండ్లు గడిచాయి.

త్వరగా శిక్షించుటయే న్యాయమని తలంచువారు ఈ లెక్కను చూడాలి. విచారణ రెండు వారములలో ముగిసింది. దానిని సరిదిద్దుటకు పదకొండేండ్లు పట్టింది. ఆ చిన్నారి తల్లిదండ్రులకు సహితము ఆ తొందర వలన న్యాయము దొరకలేదు.

3. గోనెలో దొరికిన గిన్నె (ఆది. 44:1–17)

మూడవ వస్తువు వెండి గిన్నె. ఇది నిజముగా బెన్యామీను గోనెలోనే దొరికింది. అందరి ఎదుట వెదికారు, పెద్దవాడు మొదలుకొని చిన్నవాని వరకు వరుసగా చూచారు. పైకి చూస్తే దోషములేని సోదా. అయితే ఆ గిన్నెను గోనెలో పెట్టినవాడే దానిని వెదికినవాడు. చదివే మనకు ఇది ముందే తెలుసు. అక్కడ నిలిచిన అన్నదమ్ములకు తెలియదు.

ఈ సన్నివేశముపై మన ప్రసంగములలో సాధారణముగా వినబడే మాట, దాచిన పాపము ఒకనాడు బయటపడుతుందని. ఈ వ్యాఖ్యానము ఇక్కడ నిలువదు. బెన్యామీను ఏ పాపమూ దాచలేదు. బయటపడినది అతనికి వ్యతిరేకముగా కల్పించబడిన సాక్ష్యము.

వాక్యభాగములో రెండు సంగతులు ముఖ్యమైనవి. మొదటిది, ఈ గిన్నెకు మరియొక వివరణ ఉన్నదని అన్నదమ్ములకు తెలియాలి. మునుపటి ప్రయాణములో వారి రూకలు వారికి తెలియకుండానే గోనెలలోనికి తిరిగి వచ్చాయి (42:27–28, 35). ఆ సంగతిని గృహనిర్వాహకునితో వారే చెప్పారు కూడ (43:20–22). ఎవరో మా గోనెలలో పెడుతున్నారు అని చెప్పుటకు కావలసినదంతయు వారి చేతిలో ఉన్నది. శార్దా తీర్పులోని నాలుగవ పరీక్ష ఇదే: మరియొక వివరణ మిగిలి ఉన్నదా? ఎవరూ అడగలేదు. పైగా సోదాకు ముందే, గిన్నె ఎవనియొద్ద దొరికితే వాడు చావవలెనని వారే ఒప్పుకొన్నారు (44:9). అనగా వస్తువు దొరకుటయే నేరమునకు రుజువని ముందే తీర్మానించారు.

రెండవది, యూదా పలికిన మాట. మేము నిర్దోషులమని ఎలా చూపగలమని అడిగి, దేవుడు మా దోషమును కనుగొన్నాడని చెప్పాడు (44:16). ఇది ఒప్పుకోలు. కాని దేనికి? వారి మనస్సులో ఉన్నది యోసేపును అమ్మిన దోషము (42:21). దోషము నిజమే, ఈ నేరము మాత్రము కాదు. అధికారి ఎదుట నిలిచి, బెదిరి, అలసిన మనిషి చేయని నేరమునకు తల వంచుతాడని ఈ వచనము స్పష్టముగా చూపుతున్నది. పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని మన చట్టము నియమించుటకు కారణము ఇదే. అయితే ఆ ఒప్పుకోలు మూలముగా ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించిన మేరకు ఆ మాట చెల్లుతుంది. 1872 సాక్ష్య చట్టములో ఇది 27వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమములో 23వ సెక్షనులోనికి చేరింది. ఇలాంటి రికవరీ మీద ఆధారపడు ప్రతి కేసులోను అడగవలసిన ప్రశ్న బెన్యామీను గోనె ప్రశ్నయే: వెదికినవాడు ఎవడు, అక్కడ ఉన్నదని అతనికి ముందు ఎలా తెలిసినది, చూచిన పంచులు ఎవరి మనుషులు?

ఆదికాండము అంతటిలో బెన్యామీను ఒక్క మాట పలికినట్లు వ్రాయబడలేదు. గిన్నె దొరికిన దినమునను పలుకలేదు.

4. ముద్ర, దారము, చేతికఱ్ఱ (ఆది. 38:24–26)

ఇప్పుడు నాలుగవ సంగతి. వరుసలో ఇది అంగీ తరువాత వచ్చినా, దీనిని మేము కావలెననే చివరకు ఉంచాము. ఈ నాలుగింటిలో నేరుగా మరణశిక్ష విధించబడినది ఇక్కడే.

తామారు గర్భవతి అని యూదాకు తెలిసింది. గర్భము వాస్తవము. వ్యభిచారము దానినిబట్టి ఇతరులు కట్టిన నిర్ధారణ. యూదా ఒక్క ప్రశ్న అడుగలేదు. ఆమెను వెలుపలికి తెచ్చి కాల్చివేయుమని ఒకే వాక్యములో ఆజ్ఞ ఇచ్చాడు. పైగా తన మూడవ కుమారుడైన షేలాను ఆమెకు ఇవ్వక తప్పించుకొనుచున్నవాడు అతడే; తీర్పరియే ఈ వ్యవహారములో కక్షిదారుడు. ఆమె వెలుపలికి తేబడుచుండగా ఆ వస్తువులను అతనియొద్దకు పంపి, ఇవి ఎవరివో గుర్తుపట్టుమని అడిగింది.

ఆమె వాడిన హెబ్రీ మాట హక్కేర్-నా. 37వ అధ్యాయములో అన్నలు అంగీతో పంపినదీ అదే మాట. రెండు అధ్యాయములను ప్రక్కప్రక్కన ఉంచి ఒకే క్రియాపదమును వాడుటలో రచయిత ఉద్దేశము కనబడుతున్నది. మొదటిచోట ఆ మాట సత్యమును పూడ్చిపెట్టింది. రెండవచోట అదే మాట సత్యమును బయటకు తెచ్చింది. వస్తువులు రెండుచోట్లా పరిస్థితుల సాక్ష్యమే. కాబట్టి పరిస్థితుల సాక్ష్యము దానంతట అది చెడ్డదని వాక్యము చెప్పుట లేదు. చూచువారు లేని చోట అన్యాయమునకు గురైన స్త్రీలకు, పిల్లలకు, దళితులకు అనేక పర్యాయములు వస్తువులు తప్ప వేరు సాక్షులు ఉండరు. వాటిని త్రోసివేస్తే బలవంతులకే లాభము.

తేడా ఒక్కటే. తామారు కేసులో ముద్దాయి మాట వినబడింది. తనకు వ్యతిరేకముగా చెప్పబడిన పరిస్థితికి ఆమె వివరణ ఇచ్చింది, తన సాక్ష్యము చూపింది, తీర్పరి దానిని చూచి తన తీర్పును వెనుకకు తీసికొన్నాడు, ఆమె తనకంటె నీతిమంతురాలని ఒప్పుకొన్నాడు. యాకోబు ఎవరినీ ప్రశ్నించలేదు. యోసేపును ఎవరూ అడుగలేదు. బెన్యామీను పక్షమున ఎవరూ వాదించలేదు. వినుట జరిగిన ఒక్క చోటనే వస్తువు సత్యము పలికింది.

మన న్యాయవిధానములో దీనికి సరిపోలిన ఏర్పాటు ఉన్నది. ప్రాసిక్యూషన్ సాక్ష్యము ముగిసిన తరువాత, ముద్దాయికి వ్యతిరేకముగా ఉన్న ప్రతి పరిస్థితిని జడ్జి అతని ఎదుట పెట్టి, దీనికి నీవేమంటావని అడగాలి. పాత నేరవిచారణ స్మృతిలో ఇది 313వ సెక్షను, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 351వ సెక్షను. శార్దా కేసులో సుప్రీంకోర్టు, ముద్దాయిని అడుగని పరిస్థితులను లెక్కలోనికే తీసికొనరాదని చెప్పింది. కోర్టులలో ఇది తొందరగా పూర్తిచేయు తంతుగా మారినప్పుడు కోల్పోవునది తంతు కాదు, తామారు మాట.

5. ఇద్దరు సాక్షుల నియమము చాలునా?

ఇప్పుడు ధర్మశాస్త్రమునకు వస్తాము. ఒక్క సాక్షి మాటమీద ఎవరినీ చంపరాదని సంఖ్యాకాండము 35:30, ద్వితీయోపదేశకాండము 17:6 ఖండితముగా చెబుతున్నాయి. యూదుల మిష్నా గ్రంథములోని సన్‌హెద్రిన్ భాగము దీనిని ఇంకా బిగించింది. మరణశిక్ష కేసులో సాక్షులను ముందుగా హెచ్చరించి, ఊహనుబట్టి గాని, వినికిడినిబట్టి గాని సాక్ష్యము చెప్పరాదని బోధించేవారు. విడుదల తీర్పును ఆ దినముననే ఇవ్వవచ్చును. మరణ తీర్పుకు మరునాటివరకు ఆగాలి. విడుదలకు ఒక్కరి ఆధిక్యత చాలును, శిక్షకు ఇద్దరి ఆధిక్యత కావాలి.

అయితే సాక్షుల సంఖ్య మాత్రమే న్యాయమును కాపాడదు. నాబోతు మీద ఇద్దరు సాక్షులు నిలిచారు (1 రాజులు 21:13). నియమము అక్షరాలా నెరవేరింది, నిరపరాధి రాళ్లతో చంపబడ్డాడు. అక్కడను నాబోతు పలికిన మాట వ్రాయబడలేదు. కన్ను కూడ వస్తువువలెనే పరీక్షింపబడాలి. మనిషిని ముందుగా వినక ధర్మశాస్త్రము తీర్పు తీర్చదని నీకొదేము పరిసయ్యులకు గుర్తుచేశాడు (యోహాను 7:51). నేరము మోపినవారికి ముఖాముఖిగా సమాధానము చెప్పుకొను అవకాశము ఇవ్వక ఎవరినీ అప్పగించుట రోమీయుల ఆచారము కాదని అన్యుడైన ఫేస్తు కూడ అన్నాడు (అపొ. కా. 25:16).

ఒక అభ్యంతరము రావచ్చును. ఇంత కఠినముగా పరీక్షిస్తే హంతకులు తప్పించుకొనరా? కొందరు తప్పించుకొంటారు. దీనిని దాచవలసిన పనిలేదు. ధర్మశాస్త్రము కూడ దాచలేదు. పొలములో శవము దొరికి, చంపినవాడు తెలియనప్పుడు ఏమి చేయాలో ద్వితీయోపదేశకాండము 21:1–9 చెబుతున్నది. పెద్దలు దూరము కొలుస్తారు, దగ్గరి ఊరివారు బాధ్యత వహిస్తారు, దేవుని ఎదుట చేతులు కడుగుకొని ప్రార్థిస్తారు. దగ్గర ఉన్నాడని ఒక మనిషిని పట్టుకొని చంపరు. చిందిన రక్తమును ధర్మశాస్త్రము తేలికగా తీసికొనలేదు. అయినను ఆ రక్తము పేరిట రుజువుకాని మనిషి రక్తమును కోరలేదు.

6. యూదా విన్నపము (ఆది. 44:18–34)

నేరము రుజువైన తరువాత కూడ ఒక వినుట మిగిలి ఉన్నది. గిన్నె దొరికిన తరువాత యూదా చేసిన సుదీర్ఘమైన విన్నపములో గిన్నె ప్రస్తావన లేదు. అతడు వృద్ధుడైన తండ్రిని గురించి, ఆ చిన్నవాని ప్రాణముతో ముడిపడిన ఆ తండ్రి ప్రాణమును గురించి చెప్పాడు, తననే అతనికి బదులుగా ఉంచుకొనుమన్నాడు. ఎదుట ఉన్నది ఒక కేసు మాత్రమే కాదు, ఒక కుటుంబములోని మనిషి అని అధికారికి చూపించాడు.

1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, మరణశిక్ష అత్యంత అరుదైన కేసులకే పరిమితము కావాలని, నేరముతోబాటు నేరస్థుని పరిస్థితులను కూడ చూడాలని చెప్పింది. 2022లో మనోజ్ కేసులో, ముద్దాయి కుటుంబ నేపథ్యము, మానసిక స్థితి, జైలులో ప్రవర్తన మొదలగు వాటిని విచారణ దశలోనే కోర్టు ముందుకు తేవాలని ఆదేశించింది. 2014లో అశోక్ దెబ్బర్మ కేసులో, శిక్ష వేయుటకు చాలినంత రుజువు ఉన్నప్పటికీ మిగిలియుండు సందేహమును మరణశిక్ష నిర్ణయములో లెక్కించాలని గుర్తించింది. పరిస్థితుల సాక్ష్యము మీద నిలిచిన కేసులలో ఈ మాట విలువ ఎంతో చెప్పనవసరము లేదు.

ఈ సందేహము మాటవరుసకు చెప్పునది కాదని మన ప్రాంతమే చూచింది. 2007 డిసెంబరులో విజయవాడ సమీపమున హాస్టలులో ఒక విద్యార్థిని చంపబడింది. హత్యను కన్నులార చూచినవారు లేరు. పేద కుటుంబమునకు చెందిన ఒక యువకునికి 2010లో యావజ్జీవ శిక్ష పడింది. 2017 మార్చి 31న హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు అతనిని నిర్దోషిగా విడుదల చేసింది. ఎనిమిదేండ్లకు పైగా అతడు చెరలో ఉన్నాడు. ఆ విద్యార్థిని తల్లిదండ్రులు కూడ అసలు దోషి ఎవరో తేల్చుమని అడుగుతూ వచ్చారు. అతనికి పడినది ఉరిశిక్ష కాదు గనుక తలుపు తెరచి బయటకు పంపగలిగారు. ఉరిశిక్ష అమలు జరిగి ఉంటే హైకోర్టు తీర్పు ఎవరికి చదివి వినిపించాలి?

ముగింపు

మరణశిక్ష ఉండవలెనా వద్దా అన్న ప్రశ్నకు ఈ అధ్యాయములు నేరుగా జవాబు చెప్పవు. మరి ఒక సంగతిని మాత్రము తేటగా చెబుతున్నాయి. వస్తువు తనంతట తాను మాటలాడదు. దాని తరపున ఎవరో మాటలాడతారు. ముద్దాయి మాట వినబడనంతవరకు మనము వినుచున్నది ఒక్క పక్షము మాత్రమే. వినక తీర్చిన తీర్పు కొన్నిసార్లు సరిపోవచ్చును. అది సరిపోయినదని తెలిసికొనుటకు మార్గము మాత్రము ఉండదు.

కాపరులుగా మనకు ఇది దూరపు విషయము కాదు. ఊరిలో ఘోరము జరిగిన ఆదివారము ప్రసంగ వేదిక ఎక్కవలసినవారము మనమే. హతుల ఇంట ప్రార్థించవలసినవారము, అదే వారములో నిందితుని తల్లి తలుపు తట్టితే తీయవలసినవారము కూడ మనమే. ఆ దినమున కోర్టుకంటె ముందుగా తీర్పు చెప్పకుండుట మొదటి పని. నిందితునికి వకీలు ఉన్నాడా అని అడుగుట, లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఆ కుటుంబమును తీసికొనిపోవుట రెండవది. జైలు పరిచర్య చేయువారు పాటలు, కరపత్రములతోబాటు నీ వకీలు నిన్ను కలిసికొన్నాడా అని కూడ అడుగుట మూడవది.

38వ అధ్యాయములో ఒక్క వాక్యముతో కోడలిని అగ్నికి అప్పగించిన యూదా, 44వ అధ్యాయములో ఒక చిన్నవాని ప్రాణము కొరకు తన్నుతాను అప్పగించుకొన్నాడు. మనిషి ఒక్కడే. ఈ రెండింటి నడుమ అతడు ఒకసారి తన తప్పును విన్నాడు, ఒప్పుకొన్నాడు. మన సంఘములు ఏ యూదాతో నిలుచుచున్నవో మనము పరిశీలించుకొనవలెను.